షక్కర్‌నగర్ దారిలో డోలు పాఠం

నాదస్వరం అంటే షేక్ చినమౌలానా, మృదంగం అంటే యెల్లా వెంకటేశ్వరరావు అని ఠక్కున చెప్పే తెలుగువాళ్ళు కూడా గుడి డోలు దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతారు. గట్టిమేళం మోగనిదే తాళి కట్టరు, డోలు దెబ్బ పడనిదే పల్లకి లేవదు. అయినా ఆ వాయించినాయన పేరేమిటని అడిగే అలవాటు మనకు లేదు. సన్నాయి ఆయన ఏ ఊరివాడో ఎవరైనా కనుక్కుంటారేమో గాని, డోలు ఆయన ఎప్పుడూ పక్కన నిలబడ్డ మనిషే. ఆ మనిషిని చూడాలని, ఆయన దగ్గర ఇప్పుడెవరైనా నేర్చుకుంటున్నారో లేదో తెలుసుకోవాలని, శివరాత్రి దగ్గర పడుతుండగా నిజామాబాద్ రైలెక్కాను. బోధన్ దగ్గర ఒక పెద్దాయన ఇంకా పిల్లలకు డోలు నేర్పుతున్నాడని, సాయంత్రం వెళ్తే పాఠం కూడా చూడొచ్చని మిత్రుడొకరు చెప్పారు.

మాఘమాసం అంటే నిజామాబాద్‌లో పసుపు రోజులు. ఉడకబెట్టి ఆరబెట్టిన కొమ్ములు బస్తాలకెత్తి రైతులు మార్కెట్ యార్డుకు వస్తుంటారు. ఆటోలో వెళ్తున్నా ఆ ఘాటు ముక్కుకు తగులుతూనే ఉంటుంది. ముందు ఖిల్లాకు వెళ్ళాను. నిజాం పాలన చివరి రోజుల్లో దాశరథి కృష్ణమాచార్యను పెట్టిన జైలు ఆ కోటలోనే ఉండేది. బొగ్గు ముక్కతో ఆయన గోడ మీద పద్యాలు రాసింది అక్కడే. కోట మీద రఘునాథాలయం, కింద చెరువు. ఊరికి దగ్గరలోనే సారంగాపూర్ హనుమంతుడి గుడి. శివాజీ గురువు సమర్థ రామదాసు ఆ స్వామిని ప్రతిష్ఠించాడని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. నిజామాబాద్ భక్తిలో మరాఠీ పాలు ఎంతో ఆ రోజు నాకు అంతగా పట్టలేదు. తర్వాత కందకుర్తిలో కళ్ళారా చూశాను.

బస్టాండుకు వచ్చే దారిలో ఒక గుడి ముందు హారతి వేళకు ఆగాను. లోపల గోడవారగా ఇనుప చట్రం, దానికి బిగించిన చిన్న నగారా, పక్కన జేగంట, ఒక జత తాళాలు, అడుగున మోటారు. పూజారి మీట నొక్కగానే అన్నీ ఒక్కసారి మోగడం మొదలుపెట్టాయి. ఇప్పుడు దేశమంతా గుళ్ళలో ఉన్న యంత్రమే ఇది. దాన్ని పెట్టుకున్నవాళ్ళను తప్పుపట్టలేను. వాయించే మనిషి రావడం లేదు, వచ్చినా ఇచ్చుకునే స్తోమత చిన్న గుడికి లేదు. కాని ఆ మోత విన్నకొద్దీ నాకు దిగులేసింది. పూజారి హారతి పైకెత్తినా కిందికి దించినా దానికి ఒకటే. వెలుగు స్వామి ముఖం దగ్గరకు వచ్చిందో పాదాల దగ్గరే ఉందో దానికి అక్కర్లేదు. హారతి అయిపోయి అందరూ కళ్ళకద్దుకుంటున్నా, ఎవరో పోయి మీట కట్టేదాకా అది మోగుతూనే ఉంది.

నిజామాబాద్ నుంచి బోధన్ పాతిక కిలోమీటర్ల చిల్లర. జానకంపేట, ఎడపల్లి దాటుతుంటే రోడ్డుకు రెండు వైపులా యాసంగి నాట్లు పడ్డ వరి మడులే. చెరకు తోటలు వెతికి చూస్తే తప్ప కనబడలేదు. ఈ నేలకు చక్కెర పేరు తెచ్చింది నీళ్ళు. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. దాన్ని కట్టించిన ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ పారాక చెరకు వచ్చింది, చెరకు వెంట 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, ఫ్యాక్టరీ వెంట షక్కర్‌నగర్ అనే ఊరే వెలిసింది. కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా జిల్లాల రైతులు వచ్చి స్థిరపడ్డారు. వాళ్ళ ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులనే అంటారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని చెప్పుకున్నది 2002లో సగానికి పైగా వాటాతో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూసేశారు. మళ్ళీ తెరిపిస్తామన్న మాటలు ఆ తర్వాత చాలాసార్లు వినబడ్డాయి. రైతులు మటుకు మాటల కోసం ఆగలేదు. మిగిలిన కొద్దిపాటి చెరకును లారీల మీద కామారెడ్డి వైపు మిల్లులకు తోలుతూ, తక్కిన నేలంతా వరి చేసుకున్నారు.

బోధన్ మండలంలోనే అమ్దాపూర్ ఉంది. చిందు ఎల్లమ్మ ఊరు అది. ఈ ప్రాంతంలో వాద్యం గురించి, నేర్పడం గురించి మాట్లాడాలంటే ఆమెను తలచుకోకుండా ముందుకు పోవడం నాకు సాధ్యం కాదు. చిన్ననాడే చిందు భాగవతంలో గజ్జె కట్టి, 2005లో కన్నుమూసేదాకా ఆ ఆటతోనే బతికిన మనిషి. మన నాటక సంప్రదాయాల్లో ఆడవేషం కూడా మగవాళ్ళే కట్టే రోజుల్లో, చిందువాళ్ళలో ఆడవాళ్ళే రంగం మీదికి వచ్చేవారు. ఎల్లమ్మ దేవత వేషం కట్టి ఆమె వస్తుంటే ఊళ్ళో ముసలివాళ్ళు లేచి దండం పెట్టేవారట. చిందు మేళంలో మద్దెల వాయించేవాడు రంగానికి ఒక పక్కన ఉంటాడు. వేషగాడి అడుగు ఎక్కడ పడుతుందో అతని చెయ్యి ముందే పసిగట్టాలి. ఈ విద్య ఏదీ కాగితం మీద లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు ఆడుతుంటే చూసిన పిల్లలకు అబ్బిందే తప్ప, బడి పెట్టి చెప్పినవాళ్ళు లేరు. డప్పుల దెబ్బ, ఒగ్గు డోలు దెబ్బ, గుడి డోలు దెబ్బ, అన్నిటిదీ ఇదే కథ. ఒగ్గు కథ చెప్పిన చుక్క సత్తయ్యనూ, కోయ డోలి మీద సమ్మక్క సారలమ్మల గాథ పాడిన సకిని రామచంద్రయ్యనూ లోకం గుర్తించింది. రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఊరి గుడిలో పొద్దున సాయంత్రం హారతికి వాయించేవాడి దాకా మటుకు ఆ చూపు ఇంకా రాలేదు.

పెద్దాయన ఇల్లు షక్కర్‌నగర్‌కు కొంచెం ఇవతల. పేరు రాయవద్దన్నారు. ‘పేరెందుకు సారు, పని రాయుండ్రి’ అన్నారు. పిల్లలు తాతా అంటారు, ఊళ్ళో పెద్దలు భజంత్రాయన అంటారు. నేనూ పెద్దాయన అనే రాస్తాను. నాయీబ్రాహ్మణ కుటుంబం. రోడ్డు మీద కొడుకుది కటింగ్ షాపు. ఇంటి వసారాలో గూటానికి గుడ్డ కప్పి వేలాడదీసిన డోలు. నేను వెళ్ళేసరికి ఆయన దాన్ని దించి ఒళ్ళో పెట్టుకుని తాళ్ళు సరిచేస్తున్నారు. శివరాత్రికి జాగారం మేళం ఉంది, ఈలోపు మూత కాస్త దిగింది, బిగించాలి. బొటనవేలితో మూత అంచు చుట్టూ తడుముతూ వచ్చి ఒక చోట ఆగి, అక్కడ తాడు కింద చెక్క బిళ్ళను చిన్న రాయితో తట్టారు. మళ్ళీ వేలితో మీటి విన్నారు. మళ్ళీ తట్టారు. మాట్లాడుతూనే ఉన్నారు గాని చెవి మాత్రం డోలు మీదే ఉంది.

గుల్ల పనస మొద్దు తొలిచి చేసింది. వాళ్ళ నాయన దాన్ని కోస్తా మేళంవాళ్ళ దగ్గర కొన్నాడట. క్యాంపు రైతులు మొదట్లో తమ పెళ్ళిళ్ళకు అక్కణ్ణుంచే మేళాన్ని రప్పించుకునేవారు. అలా వచ్చిన డోలు విద్వాంసుడొకాయన పెళ్ళయ్యాక రెండు నెలలు ఇక్కడే ఉండిపోయాడు. వాళ్ళ నాయన ఆయనకు అన్నం పెట్టి, తలంటు పోసి, రోజూ రాత్రి కూర్చుని నేర్చుకున్నాడు.

‘మా తాతలు వాయించింది వేరు. ఒక దిక్కు పుల్ల, ఒక దిక్కు ఉత్త చెయ్యి. గా ఆయన వచ్చినంక మా నాయిన వేళ్ళకు తొడుగులు పెట్టుడు నేర్సిండు. నేను రెండూ వాయిస్త. పల్లెల బోనాలకైతె మా తాత దెబ్బ, గుడిల కల్యాణానికైతె తొడుగుల దెబ్బ’ అన్నారు పెద్దాయన.

తొడుగులు ఎలా చేస్తారో చూపించమన్నాను. పాత నూలు గుడ్డను సన్నని పేలికలుగా చించి, మెతుకులు మెత్తగా పిసికిన జిగురులో ముంచి, వేలికి కాక వేలంత లావు పుల్లకు చుట్టి ఎండబెడతారు. ఎండిందాని మీద ఇంకో చుట్టు, దాని మీద ఇంకోటి. రాయిలా గట్టిపడ్డాక పుల్ల నుంచి లాగి వేలికి తొడుక్కుంటారు. ఆయన డబ్బాలో అలాంటివి చాలా ఉన్నాయి, పెద్దవి, చిన్నవి. చిన్నవి మనవరాలివి.

వాళ్ళ నాయన కాలంలో గుడికి వాయించినందుకు జీతం లేదు, బలూత ఉండేది. కోతలప్పుడు కల్లం దగ్గరకు వెళ్తే రైతు ఇన్ని గింజలు కొలిచి పోసేవాడు. క్షవరానికీ, పెళ్ళికీ, చావుకూ, గుడి మేళానికీ కలిపి అదే. ఏడాదికి సరిపోయేదా అని అడిగితే, ‘సరిపోయిందా లేదా అని ఎవరు సూసిండ్రు, ఉన్నన్ని రోజులు తిన్నం’ అన్నారు. ఆయన పెద్దవాడయ్యేసరికి బలూత పోయింది. షక్కర్ ఫ్యాక్టరీలో సీజన్ కూలీగా చేరారు. సీజన్ అంటే చెరకు ఆడినన్ని నెలలే పని, తర్వాత ఇంట్లోనే. ఆయన మాట వింటున్నకొద్దీ నాకొక సంగతి స్పష్టంగా కనబడింది. ఈ చుట్టుపక్కల గుడి మేళాన్ని ఇంతకాలం నిలబెట్టింది ఆ ఫ్యాక్టరీయే. సీజన్ జీతం ఉంది గనుక పొయ్యి కింద మంటకు లోటు లేదు. సీజన్ అయిపోయేసరికి చైత్రం, వైశాఖం, శ్రీరామనవమి, పెళ్ళిళ్ళు. చేతికి పని లేని రోజులే మేళానికి పని ఉన్న రోజులు. క్వార్టర్లలో ఉండే కార్మికులు చందాలేసుకుని వినాయక చవితీ దసరా చేసేవారు, ఆ డబ్బులోంచి మేళానికి ఇంత ఇచ్చేవారు. సాయంత్రం షిఫ్టు దిగిన కుర్రాళ్ళు డోలు నేర్చుకోవడానికి వచ్చేవారు.

‘ఫ్యాక్టరీ భోంగ కొట్టంగనె పొద్దు ఎంతయిందో ఊరికంత తెలుస్తుండె. నాలుగు గంటల భోంగకు షిఫ్టు దిగి, కాళ్ళు చేతులు కడుక్కొని, ఐదింటికి గుడికాడ ఉంటుంటి. పదిమంది వస్తుండె నేర్సుకోను. ఫ్యాక్టరీ బందయినంక ఒకడు హైదరాబాద్ వోయిండు, ఒకడు దుబాయి వోయిండు. దుబాయి వోయినోడు నా తీరుగనె వాయిస్తుండె’ అంటూ చెక్క బిళ్ళను ఇంకోసారి తట్టారు.

మూసేసిన ఫ్యాక్టరీ గురించి ఎంతో మంది రాశారు. కార్మికుల జీతాలు, రైతుల బకాయిలు, భూములు. అవన్నీ రాయవలసినవే. వాటితోపాటు ఒక మేళం కూడా చెదిరిపోయిందని ఎవరూ రాయలేదు. దుబాయిలో ఏ భవనం మీదో ఇటుకలు మోస్తున్న ఆ చేతులకు మూడు కాలాల్లో ఆది తాళం వాయించడం వచ్చు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా మనసు కలత పడుతుంది.

సాయంత్రం ఐదింటికి హనుమాండ్ల గుడి అరుగు మీద పాఠం. వచ్చిన పిల్లలను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకమ్మాయి, మనవరాలు. పదేళ్ళుంటాయి. పిల్లల ముందు డోలు లేదు, తలా ఒక చెక్క పీట, ఒక పుల్ల. ముందు నోటితో చెప్పాలి. త ది తొం నం. చేతితో తాళం వేస్తూ ఒక కాలంలో, దానికి రెట్టింపులో, దానికీ రెట్టింపులో. ఎవరైనా తడబడితే పెద్దాయన తిట్టరు, అక్కడికి ఆపి మళ్ళీ మొదటి కాలం నుంచి చెప్పిస్తారు. ‘నోట్లె లేనిది చేతిల రాదు బిడ్డా’ అన్న మాట గంటలో ఎన్నిసార్లు అన్నారో. ఆ తర్వాత పీట మీద. ఎడమ చేతి పుల్ల ఒకడికి బిగుసుకుపోతోంది. ఆయన వెళ్ళి వెనక కూర్చుని వాడి మణికట్టును తన రెండు వేళ్ళ మధ్య వదులుగా పట్టుకున్నారు. కొట్టించలేదు, ఊరికే పట్టుకున్నారు. వాడు బిగించినప్పుడల్లా ఆ వేళ్ళు తగులుతున్నాయి. కాసేపటికి వాడంతట వాడే చెయ్యి వదిలాడు. దెబ్బ ఒక్కసారిగా గుండ్రంగా పలికింది.

తర్వాతది నేనెక్కడా చూడని పాఠం. ఒక పిల్లవాడి చేతికి ఇత్తడి పళ్ళెం ఇచ్చి పూజారిగా నిలబెట్టారు. వాడు హారతి ఇస్తున్నట్టు పళ్ళెం తిప్పాలి. మిగిలినవాళ్ళు తల ఎత్తి వాడి చెయ్యినే చూస్తూ వాయించాలి. పళ్ళెం పాదాల దగ్గర ఉంటే దెబ్బ నెమ్మది. నడుము దాటి పైకి వస్తుంటే చిక్కబడాలి. ముఖం దగ్గర నిలిచినప్పుడు పూర్తి మేళం. పళ్ళెం దిగిన క్షణానికి ముక్తాయింపు పడి ఆగాలి. ముందు ఆగకూడదు, వెనక మిగలకూడదు. పూజారి పిల్లవాడు కావాలనే ఒకసారి మధ్యలో పళ్ళెం దించేశాడు. మనవరాలు తప్ప అందరూ కొడుతూనే ఉన్నారు. పిల్లలంతా గొల్లుమని నవ్వారు. పెద్దాయన కూడా నవ్వి, మనవరాలి తల నిమిరి, ‘సూపు ఈడుండాలె’ అంటూ మిగిలినవాళ్ళకు పళ్ళెం చూపించారు. పొద్దున మీట నొక్కితే మోగిన ఆ యంత్రానికి ఎందుకు నేనంత దిగులుపడ్డానో ఈ పాఠం చూశాక నాకే అర్థమైంది. డోలు వాయించేవాడు గుడిలో మోత చేయడానికి రాలేదు. లోపలికి చూపు ఆనని వెనక వరసవాళ్ళకు లోపల ఏం జరుగుతోందో చెప్పడానికి వచ్చాడు. తెర వేసి నైవేద్యం పెడుతున్నారా, తెర తీశారా, స్వామి పల్లకి ఎక్కాడా అన్నది మంటపం బయట నిలబడ్డ ముసలమ్మకు తెలిసేది ఆ దెబ్బతోనే.

చివర ఇసుక సంచి. పెద్ద డోలు మెడకు తగిలించుకుని ఊరేగింపులో గంటలకొద్దీ నడవాలి. దానికి మెడ, నడుము సిద్ధం కావాలి. పిల్లల మెడలో నవారు పట్టీతో చిన్న ఇసుక సంచి వేలాడదీసి, నోటితో జతులు చెప్పిస్తూ గుడి చుట్టూ తిప్పుతారు. మనవరాలు ముందు నడిచింది.

ఆడపిల్లకు డోలు ఎందుకని ఊళ్ళో కొందరన్నారట. ఏమని జవాబిచ్చారని అడిగితే ఆయన, ‘వాని కొడుకును పంపుమన్న, పంపలె. ఇగ నా మనుమరాలికి చెప్తె వానికేం నొప్పి?’ అన్నారు. నేను ఆయనకు దండమూడి సుమతి గురించి చెప్పాను. ఏలూరులో పుట్టి, మృదంగం మగవాళ్ళదే అనుకునే రోజుల్లో కచేరీలకు వాయించి, 2021లో పద్మశ్రీ అందుకున్న విదుషీమణి అని. ఆయన ఆ పేరు రెండుసార్లు పలికించుకుని, మనవరాలిని పిలిచి మళ్ళీ చెప్పమన్నారు. ఫోన్‌లో ఆమె వాయిద్యం పెట్టి వినిపించాను. ఆ పిల్ల కళ్ళు తెర మీద కాదు, ఆమె కుడిచేతి వేళ్ళ మీద ఉన్నాయి.

గుడి నుంచి ఆయనకు వచ్చేదెంత అని ఎలా అడగాలో తెలియక చాలాసేపు తటపటాయించాను. ఆయనే చెప్పారు. నెలజీతం లేదు. పండగకు ఇంత, కల్యాణానికి ఇంత. పిల్లల దగ్గర రూపాయి తీసుకోరు. గురుపౌర్ణమికి ఎవరైనా తువ్వాలు కప్పితే అదే. తెలంగాణ ప్రభుత్వం చిన్న గుళ్ళకు ధూపదీప నైవేద్య పథకం కింద నెలనెలా డబ్బిస్తోంది. 2023లో దాన్ని ఆరువేల నుంచి పదివేలకు పెంచారు. మంచి పనే. దీపం కూడా లేని గుళ్ళలో ఆ డబ్బుతోనే దీపం వెలుగుతోంది. క్షౌరశాలలకు 2021 ఏప్రిల్ నుంచి నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితంగా ఇస్తున్నారు. పెద్దాయన కొడుకు షాపుకు అది అందుతోంది. అంటే కత్తెర పట్టిన చేతిని ప్రభుత్వం చూసింది, హారతి పట్టిన చేతిని చూసింది. డోలు పట్టిన చేతిని చూడవలసి ఉంది. మన పూజావిధిలో ఛత్రం, చామరం, గీతం, నృత్యం, వాద్యం అన్నీ స్వామికి ఉపచారాలే. ఇవాళ చాలా గుళ్ళలో వాద్యం పేరు చెప్పి రెండు అక్షతలు వేసి ముందుకు పోతున్నారు. ఆ పథకంలో ధూపం, దీపం, నైవేద్యం పక్కన వాద్యం అన్న నాలుగో మాట చేరాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. మండలానికి ఒక డోలు, ఒక సన్నాయి, నెలకు ఇంత అని జీతం, ఏడాదికి ఇంతమంది పిల్లలకు నేర్పాలన్న షరతు. తిరుపతిలో దేవస్థానంవారి నాదస్వర డోలు పాఠశాల ఉంది. అక్కడ నేర్చిన పిల్లలు విద్వాంసులై వస్తున్నారు. బోధన్ పిల్లవాడు అంత దూరం వెళ్ళి ఏళ్ళ తరబడి ఉండి నేర్చుకోవాలంటే ఇంటి పరిస్థితి కలిసిరావాలి. నేర్చుకుని తిరిగొస్తే వాయించడానికి ఇక్కడొక కొలువు ఉండాలి.

మర్నాడు పెద్దాయనతో కలిసి కందకుర్తి వెళ్ళాను. రెంజల్ మండలంలో గోదావరి, మంజీర, హరిద్ర కలిసే చోటు అది. నీళ్ళలో నిలిచిన పాత రాతి శివాలయం, ఎగువన వంతెన, ఆవలి ఒడ్డున మహారాష్ట్ర. ఆ దగ్గర పల్లెలో సప్తాహం నడుస్తోంది. ఆయన దగ్గర డోలు మొదలుపెట్టిన ఒక కుర్రాడు ఇప్పుడు అక్కడ మృదంగం వాయిస్తున్నాడట. వాణ్ణి చూద్దామని ఆయనే అన్నారు.

బోధన్, మద్నూర్, జుక్కల్ వైపు పల్లెల్లో సప్తాహం అంటే ఊరంతటి పండగ. ఏడు రోజులు. తెల్లవారుజామున కాకడ హారతి, పగలు జ్ఞానేశ్వరి పారాయణం, సాయంత్రం హరిపాఠ్, రాత్రి కీర్తన, చివరి రోజు కాలా. మాట తెలుగు, పాట మరాఠీ. టోపీలు పెట్టుకున్న రైతులు చేతుల్లో తాళాలతో రెండు వరసలు కట్టి ముందుకూ వెనక్కూ అడుగులేస్తుంటే, మధ్యలో ఆ కుర్రాడు మృదంగం మెడకు కట్టుకుని నిలబడ్డాడు. ఇక్కడి మృదంగం మన కచేరీ మృదంగం కాదు, పఖావజ్ జాతిది. ఎడమ మూతకు తడి గోధుమపిండి ముద్ద అంటించి వాయిస్తారు, అయిపోయాక గీకేస్తారు. పిండి ఎక్కువైతే గొంతు పూడిపోతుంది, తక్కువైతే బోలుగా పలుకుతుంది. ఆ కుర్రాడు మొదలుపెట్టేముందు చిటికెడు పిండి తీసి పక్కన పెట్టి, మళ్ళీ కొట్టి విని, ఇంకో చిటికెడు తీశాడు. పెద్దాయన నా మోచేతిని తాకి ‘సూసినవా’ అన్నారు. ముందురోజు ఆయన డోలు తాడు కింద బిళ్ళను తట్టి వింటున్నప్పుడు పెట్టిన చెవి అదే.

ఈ కుర్రాడికి ఒక దారి దొరికింది. మహారాష్ట్రలోని ఆళందిలో విష్ణుబువా జోగ్ మహరాజ్ 1917లో పెట్టిన వారకరీ శిక్షణ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. కీర్తన, గాత్రం, మృదంగం నేర్చుకుని ఊళ్ళకు తిరిగి వచ్చినవాళ్ళు తమ చుట్టూ మరికొంతమందికి నేర్పుతారు. ఇతడు అలా వచ్చిన గురువు దగ్గరే నేర్చుకున్నాడు. సప్తాహాల ఋతువులో ఊరి తర్వాత ఊరు పిలుస్తుంది. పిలిచిన ఊరు అన్నం పెడుతుంది, దక్షిణ ఇస్తుంది, అందరిలో పేరు పెట్టి పిలిచి శాలువా కప్పుతుంది. నది ఇవతలి డోలుకూ అవతలి మృదంగానికీ ఉన్న తేడా నాకు అక్కడే కనబడింది. చేతిలో విద్య ఇద్దరికీ ఉంది. ఒకరి వెనక వందేళ్ళకు పైబడిన బడి, ఏడాది పొడవునా పిలిచే ఊళ్ళు ఉన్నాయి. ఇంకొకరి వెనక ఒక ముసలాయన, ఒక హనుమాండ్ల గుడి అరుగు ఉన్నాయి.

శిష్యుడు డోలు వదిలి వెళ్ళినందుకు బాధగా లేదా అని అడిగాను. పెద్దాయన ఆశ్చర్యంగా చూశారు. ‘బాధెందుకు సారు? చెయ్యి బతికింది. గా చెయ్యి నేను పెట్టించిందే. మొన్న నా మనుమరాలికి ఒక ముక్తాయి చెప్పి వోయిండు, మృదంగం మీదిది. దాన్ని డోలు మీదికి తెచ్చుకున్నం.’ ఆ రాత్రి భోజనాల వేళ ఆ కుర్రాడు వచ్చి ఆయన కాళ్ళకు దండం పెట్టాడు. ఇద్దరూ పంక్తిలో పక్కపక్కనే కూర్చున్నారు. అన్నం కలుపుకుంటూనే పెద్దాయన ఎడమచేత్తో తొడ మీద ఏదో జతి వేసి చూపించారు. వాడు తల అడ్డంగా ఊపి ఇంకోలా వేశాడు. వడ్డించేవాళ్ళు పప్పుగిన్నె పట్టుకుని నిలబడిపోతే పక్కవాళ్ళు కసిరారు.

తిరుగు ప్రయాణంలో బోధన్ బస్టాండు దాకా ఆయన వచ్చారు. బస్సెక్కుతుంటే నాతో పని ఒకటి చెప్పారు. ‘పట్నంల చిన్న డోలు దొరుకుతదేమో సూడుండ్రి. పదేండ్ల పిల్ల మెడకు ఆగేటిది. నా డోలు దానికి బరువైతది. ధర అడిగి ఫోన్ చేయుండ్రి.’

హైదరాబాదులో వాద్యాల దుకాణాలు తిరిగి కనుక్కున్నాను. ఒకచోట చిన్నది ఉంది, మూతలు కొత్తవి వేసి ఇస్తామన్నారు. ఆ సాయంత్రమే ఫోన్ చేసి ధర చెప్పాను. ఆయన పక్కకు తిరిగి ఇంట్లో ఎవరితోనో మాట్లాడి మళ్ళీ లైనులోకి వచ్చారు. రెండు కావాలన్నారు. ఆడపిల్లకు డోలు ఎందుకని అడిగినాయన తన కూతురిని పంపాడట.